దగ్గరి చుట్టాలైన పరాన్నజీవులను విడదీయడానికి ఏ జన్యుభాగం చదివించాలి?

గొర్రె పెంటికల్లో కనిపించే స్ట్రాంగైల్ గుడ్డు ఏ నట్టదో మైక్రోస్కోపు చెప్పదు. రక్తం పీల్చి గొర్రెను పాలిపోయేలా చేసే హీమాంకస్ గుడ్డు, పేగులో ఉండే ట్రైకోస్ట్రాంగైలస్ గుడ్డు, ఈసొఫాగోస్టోమమ్ గుడ్డు కంటికి దాదాపు ఒకటే. మనుషుల మలంలో కనిపించే ఎంటమీబా తిత్తి సంగతీ అంతే. పేగును పుండు చేసి కాలేయానికి పాకే హిస్టొలిటికాదో, మామూలుగా ఏ జబ్బూ తేని డిస్పార్‌దో రూపం చూసి తేల్చలేం. ఇవి రెండు వేర్వేరు జాతులని ఎమీల్ బ్రంప్ట్ 1925లోనే అన్నాడు. శాస్త్రలోకం ఆ మాట ఒప్పుకోవడానికి 1993 దాకా పట్టింది. ఒప్పించినవాటిలో జన్యు ఆధారాలది పెద్ద పాత్ర.

"సీక్వెన్సింగ్‌కి పంపండి" అని చెప్పేవాళ్లకు ఇప్పుడు కొదవ లేదు. ఆ మాట విన్నాక చాలామంది ఆగిపోయేది తర్వాతి మెట్టు దగ్గర. ఏ భాగం చదివించాలి? 18ఎస్ అని ఒకరు, ఐటీఎస్ అని ఒకరు, మైటోకాండ్రియా జన్యువైన కాక్స్1 అని మరొకరు చెబుతారు. ఒక్కొక్కరూ తమకు అలవాటైనదాన్నే సిఫారసు చేస్తారు. పశువైద్యంలో పీజీ థీసిస్ మొదలుపెట్టినవాళ్లు, మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ విభాగంలో ఉన్నవాళ్లు, రొయ్యల ల్యాబుల్లో పీసీఆర్ చేసేవాళ్లు దృష్టిలో ఉంచుకుని ఈ పోలిక రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అన్నింటికీ పనికొచ్చే జన్యుభాగం అంటూ లేదు. నట్టలు (గుండ్రటి పురుగులు), జలగలు (కాలేయపు జలగ లాంటి ఫ్లూక్‌లు), బద్దెపురుగుల విషయంలో మాత్రం కేంద్రకం నుంచి ఒకటి, మైటోకాండ్రియా నుంచి ఒకటి, రెండూ చదివించాలి. ఒక్కదానితో సరిపెట్టుకుంటే ఎక్కడ దెబ్బ తింటామో కింద వివరంగా చెబుతాను.

## ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు మీ ప్రశ్న ఏమిటో కాగితం మీద రాసుకోండి. "ఇది ఏ నట్ట?" అన్నది ఒక ప్రశ్న. "ఈ రెండు జాతులు ఇక్కడ కలిసి సంకరమవుతున్నాయా?" అన్నది వేరే ప్రశ్న. "ఈ మందలో ఉన్నదీ పక్క జిల్లా మందలో ఉన్నదీ ఒకే వంశమా?" అన్నది మూడోది. ఈ మూడింటికీ ఒకే జన్యుభాగం జవాబు చెప్పదు.

తర్వాత తేడాల లెక్క. ఒకే జాతిలోని రెండు పురుగుల మధ్య ఉండే తేడా కంటే రెండు జాతుల మధ్య ఉండే తేడా స్పష్టంగా ఎక్కువ ఉండాలి. ఆ ఎడం లేకపోతే ఆ భాగం ఎంత పేరున్నదైనా మీ పనికి రాదు. మరీ మెల్లగా మారే భాగంలో రెండు జాతులూ ఒకేలా కనిపిస్తాయి. మరీ వేగంగా మారే భాగంలో ఒకే జాతి నాలుగైదు జాతుల్లా కనిపిస్తుంది.

మూడోది, ఆ భాగం తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తుందా, ఒక్కరి నుంచేనా అన్నది. దీన్ని చాలామంది చివరికి వదిలేస్తారు. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

నాలుగోది, అసలు ఆ భాగం మీ పరాన్నజీవిలో ఉందా? ఈ ప్రశ్న వింతగా అనిపించవచ్చు. ఎంటమీబాకు, జియార్డియాకు, క్రిప్టోస్పొరిడియమ్‌కు, రొయ్యల్లో వచ్చే మైక్రోస్పొరిడియాకు మైటోకాండ్రియా డీఎన్‌ఏ లేదు. పరిణామక్రమంలో పోగొట్టుకున్నాయి. వాటి మీద కాక్స్1 ప్రయత్నిస్తే ప్రైమర్ల (పీసీఆర్‌లో కావాల్సిన చోట అతికే చిన్న డీఎన్‌ఏ ముక్కల) డబ్బు దండగ.

మిగతావి చేతిలో ఉన్న సరుకును బట్టి ఉంటాయి. ఒక్క గుడ్డు, ఒక్క లార్వా నుంచి డీఎన్‌ఏ తీస్తుంటే కణంలో ఎక్కువ కాపీలున్న భాగాన్నే ఎంచుకోవాలి. పోల్చి చూడడానికి జన్‌బ్యాంక్‌లో (అందరూ జన్యుక్రమాలు ఎక్కించే బహిరంగ భాండారంలో) మీ జాతి క్రమాలు, దాని చుట్టాల క్రమాలు రెండూ ఉన్నాయో లేదో ప్రైమర్లు ఆర్డర్ చేయకముందే వెతకాలి. నమూనాలో ఒకే జాతి ఉందా, నాలుగైదు కలిసి ఉన్నాయా అన్నదాన్ని బట్టి ఒకసారికి ఒకే క్రమాన్ని చదివే శాంగర్ పద్ధతి సరిపోతుందో లేదో తేలుతుంది.

## 18ఎస్: ఏదో తెలియనప్పుడు మొదటి తలుపు

కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లోని చిన్న భాగానికి చెందిన ఈ జన్యువు చాలా మెల్లగా మారుతుంది. అందువల్ల దాదాపు ఏ పరాన్నజీవి మీదైనా పనిచేసే ప్రైమర్లు దొరుకుతాయి. జన్‌బ్యాంక్‌లో పోల్చడానికి క్రమాలు కుప్పలుగా ఉన్నాయి. రక్తంలో కనిపించింది థైలీరియానా, బబీసియానా అన్న స్థాయి ప్రశ్నలకు ఇది చాలు. జాతి స్థాయిలో కూడా ఏకకణ జీవుల్లో చాలాసార్లు పనికొస్తుంది. మలేరియాలో నాలుగు జాతులను 18ఎస్ తోనే విడదీసే నెస్టెడ్ పీసీఆర్‌ను (రెండు విడతల పీసీఆర్‌ను) జార్జెస్ స్నూనూ బృందం 1993లో ఇచ్చింది. ఇప్పటికీ చాలా ల్యాబుల్లో అదే నడుస్తోంది.

జన్యుక్రమం వైద్యాన్నే మార్చిన సందర్భం కావాలంటే మలేసియాలోని సారవాక్ రాష్ట్రం, కాపిట్ ప్రాంతం చూడాలి. అక్కడ రక్తపు పూతల్లో ప్లాస్మోడియం మలేరియే అని రాసిన కేసులు పెరిగాయి. రోగుల్లో పరాన్నజీవుల సంఖ్య మాత్రం ఆ జాతికి ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉంది. ఆ మలేరియే జాతి కోసం చేసిన పీసీఆర్ నెగటివ్ వచ్చింది. బల్బీర్ సింగ్, జానెట్ కాక్స్-సింగ్ బృందం జన్యుక్రమం చదివి చూస్తే అది కోతుల్లో ఉండే ప్లాస్మోడియం నోలెసి అని తేలింది. 2004లో వాళ్లు ప్రచురించిన లెక్కలో 208 మంది మలేరియా రోగుల్లో 120 మందిలో అదే ఉంది. మలేరియే జాతి 72 గంటలకోసారి విభజన చెందుతుంది, నోలెసి 24 గంటలకోసారి. అంటే ఒకదాన్ని మరొకటి అనుకుని నింపాదిగా చూస్తూ కూర్చుంటే రోగి ప్రాణం మీదకు వస్తుంది.

ఆ కథలోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. నోలెసి కోసం మొదట తయారుచేసిన 18ఎస్ ప్రైమర్ల జత కొన్ని వైవాక్స్ నమూనాలను కూడా పట్టుకుంటుందని తర్వాత బయటపడింది. వైవాక్స్ దండిగా ఉన్న మన దేశంలో ఆ జతను గుడ్డిగా వాడకూడదు. పైగా ప్లాస్మోడియంలో 18ఎస్ కాపీలు నాలుగు నుంచి ఎనిమిదే ఉంటాయి. అవి కూడా ఒకేలా ఉండవు. దోమలో పనిచేసే కాపీ వేరు, మనిషి రక్తంలో పనిచేసేది వేరు. ఒకే పరాన్నజీవి నుంచి రెండు రకాల క్రమాలు వచ్చాయంటే రెండు జాతులున్నాయని అర్థం కాదు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఆంధ్ర తీరంలోని వెనామీ చెరువుల్లో ఉంది. రొయ్య ఎదుగుదలను ఆపేసే ఈహెచ్‌పీ అనే మైక్రోస్పొరిడియాను రైతులు పేరుతో సహా ఎరుగుదురు. 2009లో థాయిలాండ్‌లో టైగర్ రొయ్యల నుంచి దీన్ని వర్ణించారు. మొదట వచ్చిన పీసీఆర్ పరీక్షలు రైబోజోమ్ చిన్న భాగపు జన్యువు మీద ఆధారపడినవి. ఆ జన్యువు మెల్లగా మారేది కాబట్టి ఇతర క్రస్టేషియన్లలో ఉండే దగ్గరి మైక్రోస్పొరిడియా కూడా పాజిటివ్ చూపించాయి. తల్లిరొయ్యలకు మేతగా వేసే జీవులను పరీక్షించేటప్పుడు, చెరువులోని పీతలను, చిన్న జీవులను పరీక్షించేటప్పుడు ఇది పెద్ద చిక్కు. 2016లో స్పోరు గోడ ప్రొటీన్ జన్యువు మీద కొత్త నెస్టెడ్ పీసీఆర్ వచ్చింది. దాన్నే ఎస్‌డబ్ల్యూపీ పరీక్ష అంటున్నాం. రొయ్యల ల్యాబులో ఉన్నవాళ్లకు నా సలహా సూటిగా ఇదే: రొయ్య కాని జీవి నమూనా అయితే చిన్న భాగపు జన్యువు ఫలితం ఒక్కటే చూసి పాజిటివ్ అని రాయకండి. ఆ ఒక్క మాట మీద రైతు సీడు పారబోస్తాడు.

## ఐటీఎస్: నట్టల పనికి నా మొదటి ఎంపిక

18ఎస్‌కూ 5.8ఎస్‌కూ మధ్య ఉన్న భాగం ఐటీఎస్1. 5.8ఎస్‌కూ 28ఎస్‌కూ మధ్య ఉన్నది ఐటీఎస్2. ఇవి చివరికి రైబోజోమ్‌లో మిగలవు, కణమే కత్తిరించి పారేస్తుంది. అందుకే వీటిలో మార్పులు స్వేచ్ఛగా పేరుకుంటాయి. రెండు పక్కలా ఉన్న జన్యువులు మాత్రం కదలవు. కదలని చోట ప్రైమర్ అతికించి, మారే చోటును చదువుకోవచ్చు. స్ట్రాంగైల్ నట్టల ఐటీఎస్2 కోసం రాబిన్ గాసర్ బృందం 1993లో వాడిన ఎన్‌సీ1, ఎన్‌సీ2 ప్రైమర్లు ఈనాటికీ చెక్కుచెదరలేదు. కాపీలు కూడా ఎక్కువే కాబట్టి ఒక్క లార్వా నుంచైనా బ్యాండ్ (పీసీఆర్ ఫలితపు గీత) వస్తుంది.

హీమాంకస్ కంటార్టస్ గొర్రెలు, మేకల్లో ఎక్కువ. హీమాంకస్ ప్లేసై పశువుల్లో ఎక్కువ. రెండూ కలిసి మేసే చోట అటూఇటూ మారుతుంటాయి. వీటి ఐటీఎస్2 పొడవు 231 బేసులు (డీఎన్‌ఏ అక్షరాలు). అందులో రెండు జాతుల మధ్య స్థిరంగా తేడా ఉండేవి మూడే స్థానాలు: 24, 205, 219. మూడేనా అని తీసిపారేయకండి. ఒకే జాతిలో ఆ స్థానాలు మారకపోవడమే వాటి బలం. క్రోమాటోగ్రామ్ (ఒక్కో బేసును రంగు శిఖరంగా చూపే గ్రాఫు) తెరిచి ఆ మూడు చోట్లకు వెళ్లి చూడండి. మూడింట్లోనూ ఒక్కో శిఖరమే ఉంటే జాతి తేలిపోయినట్టే. ఒక్కో చోట రెండేసి రంగుల శిఖరాలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తే రెండు కారణాల్లో ఒకటి. మీరు ఒకటి కంటే ఎక్కువ పురుగుల డీఎన్‌ఏ కలిపేశారు, లేదా ఆ ఒక్క పురుగే రెండు జాతుల సంకరం. ఒక్క పురుగు నుంచే తీశామని గట్టిగా చెప్పగలిగితేనే రెండో మాట అనగలం.

24వ స్థానం గురించి ఒక చిన్న మాట. శాంగర్‌లో మొదటి ముప్పై నలభై బేసులు మసకగా ఉంటాయి. అది ఐటీఎస్2 మొదట్లోనే ఉంది కాబట్టి రెండు వైపుల నుంచీ చదివించండి. ఒక్క వైపే చదివించి మిగిల్చే డబ్బు ఇక్కడ మిగులు కాదు.

పెంటికల్లో ఏయే నట్టలు ఎంతెంత ఉన్నాయో ఒకేసారి తెలియాలంటే ఇదే ఐటీఎస్2ను డీప్ ఆంప్లికాన్ సీక్వెన్సింగ్‌కి (నమూనాలోని వేల ప్రతులను ఒకేసారి చదివే పద్ధతికి) పంపవచ్చు. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో జాన్ గిల్లియర్డ్ బృందం 2015లో దీన్ని నెమబయోమ్ పేరుతో ప్రచురించింది. ఒక్కో లార్వాను విడిగా ఏరే పని తప్పుతుంది. నట్టల మందు వేసేముందూ వేసిన తర్వాతా పోల్చి, ఏ జాతి మిగిలిందో చూడడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. ఒక్కో జాతిలో కాపీల సంఖ్య, ప్రైమర్ అతికే తీరు వేరుగా ఉంటాయి కాబట్టి వచ్చిన శాతాలను నేరుగా పురుగుల లెక్కగా చదవకూడదు. తెలిసిన మిశ్రమంతో సరిచూసుకోవాలి.

ఐటీఎస్ చేతులెత్తేసే చోట్లూ ఉన్నాయి. నార్వేలో సాల్మన్ చేపలను నాశనం చేసిన గైరోడాక్టైలస్ సలారిస్ అనే చేప పరాన్నజీవికీ, గ్రేలింగ్ చేప మీద ఉండే గైరోడాక్టైలస్ థైమాలికీ ఐటీఎస్ ఒకటే. ఒకటి ప్రభుత్వం నదుల్లో రొటెనోన్ మందు కలిపి తుడిచిపెట్టే తెగులు, రెండోది ఎవరూ పట్టించుకోనిది. అక్కడ కాక్స్1 చూడక తప్పదు. మన పశువుల్లో సర్రా జబ్బు తెచ్చే ట్రిపనోసోమా ఇవాన్సిని ఆఫ్రికాలోని బ్రూసై నుంచి కూడా ఐటీఎస్ విడదీయలేదు. బ్రూసైని మోసే సెట్సీ ఈగ మన దగ్గర లేదు కాబట్టి ఆ గందరగోళం మనకు రాదు, అంతే.

## కాక్స్1, మిగతా మైటోకాండ్రియా జన్యువులు

పాల్ హెబెర్ట్ 2003లో డీఎన్‌ఏ బార్‌కోడ్ ప్రతిపాదన చేసినప్పటి నుంచి కాక్స్1 అందరి నోటా నానుతోంది. తేడాలు ఎక్కువ, కాపీలు ఎక్కువ, మధ్యలో చేర్పులూ తీసివేతలూ లేక అమరిక సులువు. ఇంకో మేలుంది, ఇది ప్రొటీన్‌గా అనువదించి సరిచూసుకోగల జన్యువు.

అయితే 1994లో ఫోల్మర్ బృందం ఇచ్చిన సార్వత్రిక ప్రైమర్లు కీటకాల్లో పనిచేసినంత బాగా నట్టల్లో, జలగల్లో పనిచేయవు. నట్టల మైటోకాండ్రియాలో ఏ, టీ బేసులు మరీ ఎక్కువ, పైగా క్రమం వేగంగా మారుతుంది. ప్రైమర్ అతకాల్సిన చోటే మారిపోయి ఉంటుంది. మీ సమూహానికి ప్రత్యేకంగా తయారైన ప్రైమర్లు వాడండి. జలగలకు, బద్దెపురుగులకు 1992 నాటి బోల్స్ బృందం ప్రైమర్లు నమ్మకమైనవి. హైడాటిడ్ తిత్తుల్లో (ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు లార్వా తిత్తుల్లో) జీ1, జీ3 లాంటి జన్యురూపాల పేర్లు ఆ ప్రైమర్లతో వచ్చే 366 బేసుల కాక్స్1 ముక్క నుంచి పుట్టినవే. ఇవాళ జీ4ను ఎకైనోకాకస్ ఈక్వైనస్ అనీ, జీ5ను ఆర్ట్‌లెప్పి అనీ వేరే జాతులుగానే పిలుస్తున్నాం. అదే ముక్క జీ1నూ జీ3నూ ఖాయంగా విడదీయలేదు, దానికి నాడ్5 అనే మరో మైటోకాండ్రియా జన్యువు మేలు. జీ2 అన్న పేరును పక్కనపెట్టేశారు. మన కబేళాల్లో గేదెల నుంచి వచ్చే తిత్తుల్లో జీ1, జీ3లే ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి కాక్స్1 చిన్న ముక్క ఒక్కటే చదివించి "జీ3" అని థీసిస్‌లో రాసేముందు ఆలోచించండి.

క్రమం వచ్చాక వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. దాన్ని ప్రొటీన్‌గా అనువదించండి, సరైన సంకేతపట్టికతో. నట్టలకు జన్‌బ్యాంక్ 5వ పట్టిక, జలగలకూ బద్దెపురుగులకూ 9వ పట్టిక. మామూలు 1వ పట్టికతో చేస్తే టీజీఏ దగ్గర ఆగిపోయినట్టు చూపిస్తుంది. మైటోకాండ్రియాలో అది ఆగమనే గుర్తు కాదు, ట్రిప్టోఫాన్. సరైన పట్టికతో కూడా మధ్యలో ఆగిపోతే మీరు చదివింది అసలు జన్యువు కాకపోవచ్చు, కేంద్రకంలోకి వలసపోయిన నకలు కావచ్చు. దాన్ని విశ్లేషణలో కలపకూడదు.

## సంకరాలు: ఒక్క జన్యుభాగం ఎక్కడ మోసం చేస్తుందంటే

మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. ఇంటిపేరు తండ్రి వైపు నుంచే వస్తుంది కాబట్టి, ఒక మనిషి ఇంటిపేరు చూసి అతని అమ్మమ్మ వాళ్లెవరో చెప్పలేం. కాక్స్1 చెప్పేదీ అంతవరకే, కాకపోతే తల్లి వైపు.

2013లో ఫ్రాన్స్‌కు చెందిన కోర్సికా దీవిలో కావు నదిలో స్నానం చేసినవాళ్లకు మూత్రంలో రక్తం పడసాగింది. యూరప్‌లో అలాంటి షిస్టోసోమా వ్యాప్తి ఎవరూ ఊహించనిది. గుడ్ల కాక్స్1 మాత్రమే చదివితే కొన్నింటిని పశువుల్లో ఉండే షిస్టోసోమా బోవిస్ అనుకోవాలి. ఐటీఎస్ మాత్రమే చదివితే మనుషుల్లో ఉండే హీమటోబియమ్ అనుకోవాలి. రెండూ కలిపి చదివినప్పుడే అవి ఆ రెండు జాతుల సంకరాలని తెలిసింది. పశువుల జాతి జన్యువులు మనుషుల పరాన్నజీవిలో చేరితే వ్యాధి నివారణ లెక్కలన్నీ మారతాయి. ఒక్క జన్యుభాగంతో ఆగిపోయి ఉంటే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

మన గొర్రెలు, గేదెల జలగ వ్యాధిలో కూడా ఇదే కోణం ఉంది. చెరువుల కింద తడి నేలల్లో మేసే పశువుల కాలేయంలో దొరికేది మన దగ్గర ఎక్కువగా ఫేసియోలా జైగాంటికా. చల్లటి ప్రాంతాల్లో హెపాటికా. ఆసియాలో చాలా చోట్ల ఈ రెంటి మధ్య రూపం ఉన్న జలగలు దొరుకుతున్నాయి. వాటిలో వీర్యకణాలు ఉండవు, అయినా సంతానం కంటాయి. వాటి మైటోకాండ్రియా ఒక జాతిని చూపిస్తే కేంద్రకంలో రెండు జాతుల జాడలూ ఉంటాయి. వాటిని తేల్చడానికి ఐటీఎస్1 కూడా పూర్తిగా చాలదు. ఎందుకంటే ఐటీఎస్ కాపీలు తరాలు గడిచేకొద్దీ ఒకదానికొకటి సరిపోయేలా మారిపోతుంటాయి. పాత సంకరంలో ఒక జాతి రకమే మిగిలిపోవచ్చు. అందుకే జపాన్ పరిశోధకులు పెప్‌సీకే, పోల్‌డీ అనే ఒంటి కాపీ కేంద్రక జన్యువులు ముందుకు తెచ్చారు. వీటిలో రెండు జాతుల రూపాలూ కనిపిస్తే సంకర వంశం అని ధైర్యంగా చెప్పవచ్చు.

ఒంటి కాపీ జన్యువుల లోటు కూడా చెప్పాలి. కాపీలు తక్కువ, ఒక్క గుడ్డు నుంచి రాబట్టడం కష్టం. పోల్చడానికి క్రమాలు కూడా తక్కువే. క్రిప్టోస్పొరిడియమ్‌కు మాత్రం ఈ దారే రాజమార్గం. జాతిని 18ఎస్ చెబుతుంది. జాతి లోపలి రకాలకు జీపీ60 జన్యువు చదివి, టీసీఏ అనే మూడక్షరాల తునక ఎన్నిసార్లు వరుసగా వచ్చిందో, టీసీజీ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి పేరు పెడతారు. దూడ నుంచి పిల్లాడికి వచ్చిందా, మనిషి నుంచి మనిషికి వచ్చిందా అన్న ప్రశ్నకు ఆ లెక్క చాలా విలువైనది.

ఒక గందరగోళం తొలగించాలి. బీటా ట్యూబులిన్ జన్యువులో 167, 198, 200 కోడాన్లు చూడమని కూడా చెబుతుంటారు. అది ఆల్బెండజోల్ కుటుంబపు మందులకు నట్ట లొంగుతుందో లేదో చెప్పే పరీక్ష. జాతిని గుర్తించే పని దానిది కాదు. ముందు జాతి, ఆ తర్వాతే అది.

## మొత్తం మైటోకాండ్రియా, మొత్తం జన్యుపటం

నట్టల, జలగల మైటోకాండ్రియా జన్యుపటం సుమారు 13 వేల నుంచి 15 వేల బేసులు, ఎక్కువగా 36 జన్యువులు. కొత్త జాతి అని ప్రకటించాలన్నా, వంశవృక్షం గట్టిగా కట్టాలన్నా ఇది ఉండాలి. రోజువారీ గుర్తింపుకు అక్కర్లేదు. మొత్తం జన్యుపటం సంకరాల లోతు తెలుసుకోవడానికి పనికొస్తుంది, కానీ విశ్లేషణ చేయగల మనిషి పక్కన లేనిదే మొదలుపెట్టకండి.

## ఒక్క చూపులో

| జన్యుభాగం | ఎవరి నుంచి వస్తుంది | దగ్గరి జాతులను విడదీసే శక్తి | ఒక్క గుడ్డుతో పని | ఎక్కడ జాగ్రత్త |
|---|---|---|---|---|
| 18ఎస్ | ఇద్దరి నుంచి | తక్కువ, ఏకకణ జీవుల్లో మెరుగు | అవుతుంది | ప్లాస్మోడియంలో వేర్వేరు కాపీలు, చుట్టాలను పట్టే ప్రైమర్లు |
| ఐటీఎస్1, ఐటీఎస్2 | ఇద్దరి నుంచి | నట్టల్లో బాగా ఎక్కువ | అవుతుంది | పాత సంకరాలు దాగిపోతాయి |
| కాక్స్1, నాడ్1, నాడ్5 | తల్లి నుంచే | చాలా ఎక్కువ | అవుతుంది | సంకరం కనిపించదు, కొన్ని జీవుల్లో అసలు ఉండదు |
| ఒంటి కాపీ కేంద్రక జన్యువులు | ఇద్దరి నుంచి | జన్యువును బట్టి | కష్టం | పోల్చడానికి క్రమాలు తక్కువ |
| మొత్తం మైటోకాండ్రియా | తల్లి నుంచే | అత్యధికం | కష్టం | ఖర్చు, విశ్లేషణ |

## ఎవరికి ఏది

గొర్రెలు, మేకలు, పశువుల నట్టల మీద పనిచేసే పీజీ విద్యార్థికి ఐటీఎస్2 తప్పనిసరి. కబేళాలో పెద్ద పురుగులు దొరికితే వాటిలో కొన్నింటికైనా కాక్స్1 గానీ నాడ్4 గానీ జోడించండి. పెంటికలు మాత్రమే ఉంటే లార్వా కల్చర్ చేసి నెమబయోమ్ పద్ధతికి వెళ్లండి, లేదంటే ఒక్కో లార్వాను విడిగా ఏరండి. కలిపి శాంగర్‌కి పంపితే వచ్చేది చదవలేని క్రోమాటోగ్రామే.

జలగల మీద పనిచేసేవాళ్లు ఐటీఎస్1, నాడ్1 లేదా కాక్స్1 జత తీసుకోండి. రెండూ వేర్వేరు జాతులను చూపించిన పురుగులకు పెప్‌సీకే చేయించండి.

మెడికల్ కాలేజీ ల్యాబులో ఎంటమీబా, మలేరియా, క్రిప్టోస్పొరిడియమ్ అయితే 18ఎస్‌తో మొదలుపెట్టండి. కొంకిపురుగు గుడ్లయితే ఐటీఎస్. అంకైలోస్టోమా సైలానికమ్ కుక్కల నుంచి మనుషులకు వస్తుంది. దాని గుడ్డును మరో కొంకిపురుగైన నెకటార్ గుడ్డు నుంచి కంటితో విడదీయలేం. మనుషులకు మాత్రమే మందు వేసి కుక్కలను వదిలేస్తే ఊళ్లో అది పోదు. బద్దెపురుగు ఖండాలు వస్తే కాక్స్1 మంచిది, టీనియా సేజినాటా, టీనియా ఏసియాటికా రెండూ ఉండే ప్రాంతం నుంచి వచ్చిన రోగి అయితే కేంద్రక జన్యువు కూడా చూడండి. అవి కూడా సంకరమవుతాయి.

రొయ్యల ల్యాబు సంగతి పైన చెప్పాను. ఎస్‌డబ్ల్యూపీతో మొదలుపెట్టండి.

బడ్జెట్ ఒక్క ముక్కకే ఉంటే? నట్టలకు ఐటీఎస్2, బద్దెపురుగులకు కాక్స్1, ఏకకణ జీవులకు 18ఎస్. రిపోర్టులో "సంకరాలను ఈ పరీక్ష ఖాయంగా గుర్తించదు" అని ఒక వాక్యం తప్పక రాయండి.

## డీఎన్‌ఏ తీయకముందు, క్రమం వచ్చాక

మంచి జన్యుభాగం ఎంచుకున్నా నమూనా పాడైతే లాభం లేదు. ఫార్మలిన్‌లో వేసిన పురుగు డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. 95 శాతం ఇథనాల్‌లో వేయండి. పెంటికల్లో, పేడలో పీసీఆర్‌ను అడ్డుకునే పదార్థాలు ఉంటాయి. బ్యాండ్ రాకపోతే డీఎన్‌ఏను పల్చన చేసి, బీఎస్‌ఏ ప్రొటీన్ కలిపి మళ్లీ చూడండి.

ఆడ హీమాంకస్‌ను మొత్తంగా నూరకండి. దాని కడుపు నిండా గుడ్లే, ఆ గుడ్లలో మగపురుగు డీఎన్‌ఏ కూడా ఉంటుంది. ఐటీఎస్‌లో రెండు శిఖరాలు వస్తే తల్లే సంకరమా, లేక పిల్లలు సంకరమా తెలియదు. తల వైపు ముక్క కోసి వాడండి. మగపురుగైతే తోక భాగం తీసి దాచండి, దానిలోని స్పిక్యూళ్ల (సంభోగపు ముళ్ల) కొలతలు తర్వాత రూపంతో సరిపోల్చడానికి కావాలి. జలగలోనూ గర్భాశయం వైపు వద్దు, అంచు నుంచి చిన్న ముక్క చాలు.

క్రమం వచ్చాక బ్లాస్ట్‌లో (జన్‌బ్యాంక్‌లో పోలికలు వెతికే సాధనంలో) పైన వచ్చిన పేరును ఎత్తి రాసేయడం మన దగ్గర పాతుకుపోయిన అలవాటు. జన్‌బ్యాంక్‌లో పేరు తప్పు రాసిన క్రమాలు చాలా ఉన్నాయి, ఎక్కించేవాళ్లు ఏ పేరు రాస్తే అదే ఉంటుంది. పైనున్న ఒక్కటి కాకుండా తర్వాతివి కూడా చూడండి. రెండు జాతుల పేర్లు ఒకే శాతంతో వస్తే ఆ భాగం వాటిని విడదీయలేదనైనా అనుకోవాలి, జన్‌బ్యాంక్‌లో ఒకదాని పేరు తప్పనైనా అనుకోవాలి. పురుగును ఎక్కడ దాచారో, రూపం ఎవరు చూశారో చెప్పిన పరిశోధనల క్రమాలను ఎంచి, వాటితో వంశవృక్షం కట్టి, మీ పురుగు ఏ కొమ్మ మీద పడిందో చూడండి.

మీ క్రమాన్ని జన్‌బ్యాంక్‌కి ఎక్కించేటప్పుడు ఆతిథేయి పేరు, జిల్లా, సేకరించిన తేదీ, దాచిన నమూనా సంఖ్య నాలుగూ నింపండి. జాతి తేలకపోతే ప్రజాతి పేరు దగ్గరే ఆగి, "ఫేసియోలా, జాతి తేలలేదు" అని ఎక్కించండి. ఆ పురుగు మీ ఇథనాల్ సీసాలో భద్రంగా ఉంటే, మెరుగైన జన్యుభాగం వచ్చిన రోజు ఇంకొకరు దాన్నే తీసి చదివి ఆ పేరు పూర్తి చేయగలరు.